కిందపడేవాడికి కూడా ఒక పేరుంటుంది

కొండ కింద కబుర్లు – 17



ఈ వారం స్కాలర్‌షిప్పుల గురించి రాస్తానన్నాను. అది వచ్చే ఆదివారానికి వాయిదా వేశాను. ఈ వారం కుస్తీ గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ ఆఖరిదాకా చదివి నవ్వండి.

గుమ్మలక్ష్మీపురంలో సంత ముగిసిన సాయంత్రం. టార్పాలిన్లు మడతపెడుతున్నారు. కొండచీపుర్లు, చింతపండు అమ్ముడుపోయినవాళ్ళు కొండదారి పడుతున్నారు. పోనివాళ్ళు చివరి బేరం కోసం చూస్తున్నారు. ఒక అరుగు మీద ఐదుగురు హాస్టల్ కుర్రాళ్ళు ఒక్క ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. ఫోన్ అద్దం పగిలిపోయింది. అందులో ఇద్దరు మనుషులు కొట్టుకుంటున్నారు. వెనకాల ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల ఊడిపోయి గాలికి కొట్టుకుంటున్న ఫ్లెక్సీ. మైకు గొంతు గీపెడుతోంది. కెమెరా పట్టుకున్నవాడికి మనిషి అడ్డమొస్తే కెమెరాతో పాటు వాడూ పక్కకి జరుగుతున్నాడు. కుర్రాళ్ళకి అవేమీ పట్టలేదు. ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేనూ వాళ్ళ వెనకాల నిలబడి చూశాను. నిజం చెప్పాలంటే ఇరవై నిమిషాలు చూశాను.

అప్పుడే అటు వెళ్తున్న ఒక మాస్టారు ఆగారు. మన ఉద్యమానికి కావలసిన మనిషి, నాకు గౌరవం. "ఏటండీ, మీరు కూడానా? అదంతా దొంగాట కదా! బాబాసాహెబ్‌ని చదవమని చెప్పాల్సింది పోయి పిల్లల్తో కూచుని ఈ చెత్త చూస్తున్నారేటి?" అన్నారు. అక్కడ నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మాస్టారికి జవాబు ఇది.

ముందు ఆ పిల్లలు చూస్తున్నదేమిటో చెప్పాలి. అది జలంధర్‌లో 'గ్రేట్ ఖలీ' నడిపే కుస్తీ బడి నుంచి వచ్చిన వీడియో. ఖలీ అసలు పేరు దలీప్ సింగ్ రాణా. హిమాచల్‌లోని సిర్మౌర్ జిల్లా మనిషి. సిమ్లా ప్రాంతంలో రోడ్డు పనుల్లో కూలి చేసినవాడు. 2006లో అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ బరిలో దిగి, 2007లో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. 2015లో తిరిగొచ్చి జలంధర్‌లో బడి పెట్టాడు. అమెరికా కంపెనీ ఆటలో ఉండే నిప్పులు, పొగలు, వంద అడుగుల తెరలు ఇందులో ఉండవు. ఒక బరి, నాలుగు లైట్లు, ఊరి జనం. అయినా లక్షల మంది చూస్తారు. మా గుంటలు కూడా.

ఇక దొంగాట సంగతికి వద్దాం.

ఈ కుస్తీలో ఎవడు గెలుస్తాడో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇది రహస్యమేం కాదు. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీ (అప్పట్లో దాని పేరు అది) వాళ్ళే అమెరికాలోని న్యూజెర్సీ సెనేట్‌కి ఇది పోటీ కాదు, వినోదం అని చెప్పుకున్నారు. ఎందుకు చెప్పారో తెలుసా? పోటీ అని ఒప్పుకుంటే ప్రభుత్వ క్రీడా సంఘం అజమాయిషీ ఉంటుంది, పన్ను కట్టాలి. వినోదం అంటే ఆ గొడవ లేదు. డబ్బు మిగులుతుందంటే యజమాని తన సరుకు ఉత్తుత్తిదని కూడా ఒప్పుకుంటాడు.

కానీ ఉత్తుత్తిది ఫలితం ఒక్కటే. బరి కింద ఏముంటుందో చూడండి. ఇనప దూలాలు, వాటి మీద చెక్కలు, చెక్కల మీద పల్చటి స్పాంజి, దాని మీద కాన్వాస్ గుడ్డ. అంతే. పరుపు కాదు. చిన్న కంపెనీల్లో చాలాచోట్ల తాళ్ళంటే ఇనప తీగలే. తోటకి నీళ్ళుపెట్టే రబ్బరు గొట్టం వాటికి తొడుగుతారు. ఎనభై, తొంభై కిలోల మనిషి ఆ చెక్కల మీద వెల్లకిలా పడితే చప్పుడు నిజం, వెన్ను నిజం, మర్నాడు మంచం మీంచి లేవలేకపోవడం నిజం. నేర్చుకున్నవాడికి దెబ్బని వీపంతా పంచుకోవడం తెలుస్తుంది. గడ్డం ఛాతీకి ఆనించి తల కాపాడుకుంటాడు. దెబ్బ తగ్గుతుంది గానీ పోదు.

నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్న రైసుమిల్లులో కలాసీ. డెబ్భై అయిదు కిలోల బస్తా వీపున వేసుకుని చెక్క మీంచి లారీ ఎక్కేవాడు. ఒకరోజు చెక్క జారింది. బస్తాతో సహా కిందపడ్డాడు. నేను క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర ఉన్నాను. మిల్లు యజమాని వచ్చి చెప్పిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తు. "నాటకాలాడకు, లెగు." మా నాన్న లేచాడు. ఎలా లేచాడో నాకు తెలియదు. నవ్వు మొహం పెట్టుకుని ఇంకో రెండు బస్తాలు మోశాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి నులకమంచం మీద పడినవాడు మూడు నెలలు లేవలేదు.

కుస్తీవాడి విద్యలో సగం, నొప్పిని ఆఖరి వరుసలో ఉన్న ముసలమ్మకి కూడా కనబడేలా చూపించడం. మా నాన్న విద్య నొప్పిని పక్కవాడికి కూడా తెలియనివ్వకపోవడం. మొదటివాడు చూపిస్తే "నటిస్తున్నాడు" అన్నారు. రెండోవాడు దాచినా "నటిస్తున్నాడు" అన్నారు. అందుకే మాస్టారూ, "అదంతా నాటకం" అనే మాట వింటే నాకు ఎక్కడో కాలుతుంది. ఆ మాట ముందు ఎవరన్నారో, ఎవర్ని అన్నారో చూస్తాను.

ఇంకో లెక్క చూడండి. న్యూజెర్సీలో ఆ కంపెనీ తమ దెబ్బలు ఉత్తుత్తివని చెప్పుకున్న 1989లోనే, మన దేశంలో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అక్కడ వాళ్ళు దెబ్బలు అబద్ధమని చెప్పి తప్పించుకున్నారు. ఇక్కడ మనం దెబ్బలు నిజమని ఇప్పటికీ రుజువు చేసుకుంటున్నాం. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టం దుర్వినియోగమవుతోందని చెప్పి పట్టు సడలించింది. ఏప్రిల్ 2న దేశమంతా రోడ్డెక్కాం. అప్పుడు గానీ పార్లమెంటు సవరణతో దాన్ని వెనక్కి తేలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్ళని నరికి సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఫలితం ముందే రాసిపెట్టి ఉన్న ఆట ఏదో, దెబ్బలు మాత్రం అసలైనవిగా తినేవాళ్ళెవరో మనకి తెలియదా? ఆ ఆటని ఎవరూ దొంగాట అనరు. జలంధర్‌లో పొట్టకూటికి పడిలేచేవాణ్ణి మాత్రం అంటారు.

రెండో మాట. మాస్టారు చెత్త అన్నది ఆ వీడియో నాసిరకంగా ఉందని కూడా. అవును, నాసిరకమే. నాకు నచ్చింది అదే.

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ పెద్ద ఆట జరిగింది. జాన్ సీనా వచ్చాడు. ఆ వీడియో కూడా చూశాను. కళ్ళు చెదిరే వెలుగు. క్షణానికో కోణం మారుతుంది. దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణంలో కెమెరా మారిపోతుంది, అందుకని అది తగిలిందో లేదో మనకి తెలియదు. డబ్బున్న ఆటలో మనిషి కనబడడు, దృశ్యం కనబడుతుంది. ఆ దృశ్యం కోసమే 1999 మే 23న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే కుస్తీవాడు చనిపోయాడు. పైకప్పు నుంచి తాడు మీద దిగుతూ రావాలని పెట్టారు. కొక్కెం ఊడి బరి మీద పడ్డాడు. అతన్ని తీసుకెళ్ళారు, ఆట మాత్రం ఆపలేదు.

పేద ఆటలో దాచడానికి ఏమీ లేదు. ఒకే కెమెరా, ఒకే కోణం. పైకెత్తినవాడు కింద వేసేముందు ప్రత్యర్థి మెడ కింద చెయ్యి ఎలా పెడుతున్నాడో కనబడుతుంది. పట్టు బిగించినట్టు నటిస్తూ చెవిలో ఏదో చెప్పడం కనబడుతుంది. తర్వాత ఏం చేద్దాం అని చెప్పుకుంటారట. ఆ సంత అరుగు మీద ఒక గుంటడు అడిగాడు: "బాబాయ్, శత్రువు కదా, తల పట్టుకుంటన్నాడేటి?" చెప్పాను. ఈ ఆటలో నీ ఎదురుగా ఉన్నవాడు నీ ప్రాణం నీ చేతిలో పెడతాడ్రా, నువ్వు నీది వాడి చేతిలో పెడతావు, ఇద్దరూ జాగ్రత్తగా ఉంటేనే ఇద్దరూ ఇంటికెళ్తారు, అని. వాడు కాసేపు ఆలోచించి, "మరి కొట్టుకోడం కాదు కదా అది, ఇద్దరూ కలిసి చేసే పని" అన్నాడు. బార్త్ అని ఒక ఫ్రెంచి మేధావి 1957లో వేసిన 'మైథాలజీస్' పుస్తకంలో మొదటి వ్యాసం కుస్తీ మీదే. ఆయన కూడా అసలైన కుస్తీ చూడాలంటే పారిస్‌లోని నాసిరకం హాళ్ళకే వెళ్ళాలన్నాడు. మా గుంటడు ఆయన్ని చదవలేదు.

ఇక్కడ నాకు ఇంకోటి గుర్తొస్తుంది. ఈ ఆటంతా తాకడం. చెమటకి చెమట, ఛాతీకి ఛాతీ. అంటరానితనం ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. మా ఊళ్ళో సాము గరిడీ జట్టు ఉండేది. పండక్కి కర్రసాము తిప్పేవాళ్ళు, పిల్లిమొగ్గలు వేసేవాళ్ళు. మా పేటవాళ్ళకి డప్పు ఇచ్చారు, కర్ర ఇవ్వలేదు. మేం వాయిస్తే వాళ్ళు ఆడేవాళ్ళు. వస్తాదు గారి తాలింఖానాలోకి మా నాన్న ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. మట్టి మైలపడుతుందట!

కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి మా పిల్లలకి నేనే చెప్తుంటాను. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక వీరఘట్టం మన జిల్లాలోదే. అక్కడ పుట్టి, విజయనగరంలో పెరిగి, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకుని, ఇనప గొలుసులు తెంపి, సొంత సర్కస్ కంపెనీతో దేశాలు తిరిగి 'కలియుగ భీముడు' అనిపించుకున్నాడు. 1942లో కన్నుమూశాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. గర్వపడాల్సిన మనిషే. ఆయన ఆట కూడా డేరా కింద, టిక్కెట్టు పెట్టి, జనాన్ని ఊపిరి బిగబట్టించి ఆడిన ఆటే కదా. దాన్ని చరిత్ర అంటాం, జలంధర్ కుర్రాడిది చెత్త అంటాం. నా గొడవ రామ్మూర్తి గారితో కాదు. ఆయన బలవంతుడు కావడానికి ఒక తాలింఖానా తలుపు తెరుచుకుంది. అదే కాలంలో అదే జిల్లాలో ఎంతమంది సవర పిల్లలు, జాతాపు పిల్లలు, మాల, రెల్లి పిల్లలు అంత బలంతోనూ పుట్టి బరువులు మోసి పోయారో ఎవరు రాస్తారు?

మన తెలుగు సినిమాలో ఫైట్లు చూడండి. హీరో ఒక్కడు, ఎదురుగా ముప్ఫై మంది. ఆ ముప్ఫై మంది నల్లగా ఉంటారు, చింపిరి జుట్టుతో ఉంటారు. ఎగిరి పడతారు. వాళ్ళ పాత్రలకి పేర్లుండవు. పడినవాడి మీద కెమెరా ఒక్క క్షణం కూడా నిలవదు. ఊడిన ఫ్లెక్సీ ముందు జరిగే ఆ నాసిరకం కుస్తీలో మాత్రం ఓడిపోయేవాణ్ణి కూడా మైకులో పేరు పెట్టి పిలుస్తారు. ఊరేదో చెప్తారు. వాడు నడిచొస్తుంటే జనం అరుస్తారు, కొందరు తిడతారు. తిట్టినా వాణ్ణి చూసే తిడతారు. పడ్డాక వాడు ఎలా లేస్తాడో జనం చూస్తారు. మా గుంటలు ఐదు నిమిషాలు ఒక ఓడిపోయినవాడి మొహం చూశారు. ఏ సినిమా వాళ్ళకి ఆ అలవాటు నేర్పింది?

ఆ బడి నుంచే కవితా దేవి వచ్చింది. హర్యానా మనిషి, బరువులెత్తే ఆటగత్తె. 2016లో సల్వార్ కమీజు వేసుకుని, చున్నీ నడుముకి చుట్టుకుని బరిలోకి దూకిన ఆ వీడియో దేశమంతా తిరిగింది. అదీ నాసిరకం వీడియోనే. ఆ తర్వాత అమెరికా కంపెనీ పిలిచింది. 2018లో రెసిల్‌మేనియా బరిలో దిగిన మొదటి భారతీయ మహిళ అయ్యింది.

బొలీవియాలో నాలుగు వేల మీటర్ల ఎత్తున ఎల్ ఆల్టో అనే ఊరుంది. అక్కడ ఐమారా ఆదివాసీ ఆడవాళ్ళు ఆదివారాలు కుస్తీ పడతారు. వెడల్పాటి కుచ్చుల పావడాలు, రెండు జడలు, గుండ్రటి టోపీ. ఒకప్పుడు ఆ బట్టల్లో ఉన్న ఆడవాళ్ళని హోటళ్ళలోకి రానిచ్చేవారు కాదు. ఇవాళ అవే బట్టలతో బరి తాళ్ళ మీంచి ఎగురుతున్నారు. మా సవర ఆడపిల్లలకి ఆ ఫొటోలు చూపించాను. "ఈళ్ళు మన్లాగే ఉన్నారు" అంది ఒక పిల్ల. ఆ ఒక్క మాట నాకు చాలు.

అయితే మిత్రులారా, దీన్ని నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. ఈ ఆటలోనూ కులం ఉంది, రంగు ఉంది. అమెరికా కుస్తీలో 'కమాలా' అనే పాత్ర ఉండేది. ఉగాండా అడవి మనిషి అని చెప్పి మొహానికి రంగులు పూసి, నడుముకి చిన్న గుడ్డ చుట్టి బరిలోకి పంపేవాళ్ళు. ఆ మనిషి మిసిసిపీలో పుట్టిన నల్లవాడు, జేమ్స్ హారిస్. ముసలితనంలో చక్కెర జబ్బుతో రెండు కాళ్ళూ పోగొట్టుకుని 2020లో చనిపోయాడు. అక్కడి కుస్తీవాళ్ళని ఉద్యోగులుగా చూడరు, కాంట్రాక్టు మనుషులంటారు. మన కలాసీలకి చెప్పే మాటే. పెద్ద కంపెనీలోనే ఇలా ఉంటే చిన్నచోట్ల మెడ విరిగితే చూసేదెవరు?

కానీ అసలు ఉగాండాలో ఏం జరుగుతోందో చూడండి. ముకోనో అనే చోట కుర్రాళ్ళు వెదురు గడలు పాతి, తాళ్ళు కట్టి, మధ్యలో బురద తొక్కి, ఆ బురదలో కుస్తీ పడుతున్నారు. మొదట్లో బరి కొనడానికి డబ్బుల్లేవు, బురద ఉండేది. ఆ వీడియోలు ప్రపంచమంతా చూస్తోంది. ఒకప్పుడు ఉగాండా పేరు పెట్టి ఒక నల్లవాణ్ణి రాక్షసుణ్ణి చేశారు. ఇవాళ ఉగాండా పిల్లలు తమ పాత్రలు తామే రాసుకుంటున్నారు.

ఇక మా ఊరి సంగతి. ఆ వీడియోలు చూసిన మా గుంటలు ఊరుకుంటారా? పోయిన నెలలో నూర్చిన కళ్ళంలో నాలుగు వెదురు గడలు పాతారు. చేంతాడు కట్టారు. వరిగడ్డి మోకాలెత్తున పరిచి పైన గోనెసంచులు కుట్టారు. పాత్రలు పంచుకున్నారు. ఎవరు హీరో? తెల్లగా ఉన్నవాడు. ఎవరు రాక్షసుడు? పొట్టిగా, నల్లగా ఉన్న ఒక సవర గుంటడు. నేను వెళ్ళేసరికి వాడు గడ్డి మీద కూచుని లేవనంటున్నాడు. "ఏటి బాబాయ్, ఎప్పుడూ నానేనా పడేది?" అన్నాడు.

అది విని నాకు మిల్లు గేటు గుర్తొచ్చింది. నేనేం ఉపన్యాసం ఇవ్వలేదు. "ఈసారి ఎవరు పడాలో చీట్లు వేయండ్రా" అన్నాను. వేశారు. మళ్ళీ వాడి పేరే వచ్చింది! అందరూ నవ్వారు, వాడు కూడా నవ్వాడు. "అయితే నా పేరు నానే పెట్టుకుంటాను. మీరు పెట్టిన రాక్షసుడి పేరు వొద్దు" అన్నాడు. తన కొండ పేరు పెట్టుకున్నాడు. మైకు లేదు. మా పేట కుర్రాడు డప్పు వాయించాడు. ఒకడు రేకు డబ్బా నోటి దగ్గర పెట్టుకుని ఆ కొండ పేరు మూడుసార్లు అరిచాడు. వాడు గెలిచినవాడిలా నడిచొచ్చాడు. పది నిమిషాలు బాగా ఆడాడు, అనుకున్నట్టే ఓడాడు. ఓడించినవాడు వాడికి చెయ్యిచ్చి లేపాడు. ఆ చెయ్యి ఏ కులంవాడిదో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఒక్క షరతు పెట్టాను. తల కిందకి వచ్చే పట్లు వద్దు, మెడ మీద పడే పట్లు అసలొద్దు. గడ్డి పరుపు మీద విరిగిన మెడకి భద్రగిరి ఆస్పత్రిలో మందు లేదు. ఈ మాట ప్రతి తల్లికీ తండ్రికీ కూడా చెప్తున్నాను. వీడియో చూసి పిల్లలు తమంతట తాము నేర్చుకోకూడదు.

అందుకే నా డిమాండు పిల్లల్ని ఫోన్ చూడొద్దనడం కాదు. ఏజెన్సీలో ప్రతి ఆశ్రమ పాఠశాలకీ, ప్రతి ఎస్సీ, ఎస్టీ హాస్టల్‌కీ మంచి చాపలు, అంటే కుస్తీకి వాడే మందపాటి మ్యాట్లు ఇవ్వాలి. ఎలా పడాలో నేర్పే మనిషిని ఇవ్వాలి. కొట్టడం మన పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. దెబ్బ తగలకుండా పడటం, పక్కవాణ్ణి కాపాడుతూ పడెయ్యడం నేర్పాలి. ఇది ఐటీడీఏ వాళ్ళకి, సంక్షేమ శాఖ వాళ్ళకి కాగితం మీద రాసి ఇస్తాను. మీరూ సంతకం పెట్టండి.

మాస్టారూ, బాబాసాహెబ్‌ని చదవమని మీరన్నది నేను కాదనను. వచ్చే ఆదివారం సాయంత్రం ఆ అరుగు మీదే ముందు ఒక గంట చదువుతాం, తర్వాత ఒక గంట కుస్తీ చూస్తాం. మీరు కూడా రండి. చదివించే గంట మీది, చూపించే గంట నాది.

వచ్చే వారం స్కాలర్‌షిప్పులు. ఈసారి వాయిదా లేదు.

జై భీమ్.